పదాలు సరైనవే, బ్యాలెన్స్ మాత్రం సున్నా: వాలెట్ రికవరీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మాది ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం. పగిలిన స్క్రీన్లతో, ఛార్జింగ్ ఎక్కని బ్యాటరీలతో వచ్చేవాళ్ళే ఎక్కువ. అప్పుడప్పుడు మాత్రం ఎవరో ఒకరు నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వస్తారు. మిగతావాళ్ళంతా వెళ్ళేదాకా బల్ల మీద కూర్చుని, ఆ తర్వాత గొంతు తగ్గించి చెబుతారు: "పదాలన్నీ సరిగ్గానే కొట్టానన్నా. వాలెట్ తెరుచుకుంది. లోపల ఏమీ లేదు." కాగితం తీసి చూపించబోతే వద్దని చేయి అడ్డం పెడతాను. ఎందుకో కింద చెప్పాను. వాలెట్ అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బును చూసుకునే యాప్, ఆ కాగితం మీద ఉండేవి దాన్ని మళ్ళీ తెరిచే పదాలు. ఒకే జవాబును పదిసార్లు చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే మేలని ఈ పేజీ.

ఫోను పోయింది. అందులో ఉన్న బిట్‌కాయిన్లు కూడా పోయినట్టేనా?

ఫోనులో బిట్‌కాయిన్లు ఎప్పుడూ లేవు. ఏ అడ్రసుకు (బ్యాంకు ఖాతా నంబరు లాంటిది) ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న లెక్కంతా బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాలో ఉంటుంది. దాని నకళ్ళు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉన్నాయి. మీ ఫోనులో ఉన్నది ఆ అడ్రసుల తాళంచెవులు మాత్రమే. వాలెట్ మొదలుపెట్టిన రోజు రాసుకోమన్న 12 లేదా 24 పదాలు మీ దగ్గర ఉంటే ఆ తాళంచెవులన్నీ మళ్ళీ తయారవుతాయి.

పన్నెండు పదాల్లోంచి అన్నేసి అడ్రసులు ఎలా పుట్టుకొస్తాయి?

బిప్-39 అనే ప్రమాణంలో 2048 పదాల జాబితా ఒకటి ఉంది. పన్నెండు పదాలంటే 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య, దాని వెనక సరిచూసుకోవడానికి 4 బిట్లు. ఈ పదాలను ఒక గణిత ప్రక్రియలో 2048 సార్లు తిప్పితే 512 బిట్ల సీడ్ వస్తుంది. అక్కడి నుంచి బిప్-32 పని మొదలవుతుంది. 2012లో వచ్చిన ఈ పద్ధతిలో ఒక్క సీడ్ చెట్టులా కొమ్మలు వేస్తుంది, ఒక్కో కొమ్మకు అడ్రసులు వరుసగా కాస్తాయి. ఒక్క కొమ్మకే 214 కోట్లకు పైగా అడ్రసులు తీయవచ్చు.

అవే పదాలు ఇస్తే, ఏ దేశంలో ఏ ఫోనులోనైనా, అవే అడ్రసులు అదే వరుసలో వస్తాయి. ఇంతవరకూ అద్భుతంగానే ఉంది. కానీ అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మీవి కాగల అడ్రసులేవో పదాలు చెబుతాయి. వాటిలో మీరు ఏవి వాడారో మాత్రం వాటికి తెలియదు. బ్లాక్‌చెయిన్‌కు ఏవి వాడారో తెలుసు గానీ అవి మీవని తెలియదు. ఈ రెండింటినీ కలిపే పనినే రికవరీలో స్కాన్ అంటున్నాం.

ఒకే అడ్రస్ వాడితే ఈ తలనొప్పి ఉండేది కాదుగా?

ఉండేది కాదు. అప్పుడు మీరు అద్దె పంపిన ఇంటి యజమాని మీ అడ్రస్ పట్టుకుని మీకు ఎంత జీతం వస్తోందో, ఎంత దాచుకున్నారో ఇంట్లో కూర్చుని చూసుకునేవాడు. బిట్‌కాయిన్ లెక్కలు ఎవరైనా చదవగలిగేవి. అందుకే ప్రతి జమకూ కొత్త అడ్రస్ ఇవ్వడం మంచి వాలెట్లకు అలవాటు.

సరే, రికవరీ సమయంలో వాలెట్ నిజంగా చేసే పని ఏమిటి?

అలిపిరి నుంచి కొండకు నడిచినవాళ్ళు మెట్ల పూజ చూసే ఉంటారు. వంగి మెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొందరు కర్పూరం బిళ్ళ కూడా వెలిగించి, లేచి, మళ్ళీ పై మెట్టుకు వంగుతారు. మొత్తం 3550 మెట్లు. ఇప్పుడు మీరు ఒక కుర్రాడిని పిలిచి, "మా వాళ్ళు ఎంతదాకా పూజ చేశారో చూసి రా" అని పంపారనుకోండి. అతను ఒక్కో మెట్టూ చూస్తూ, బొట్టున్న మెట్టు సంఖ్య రాసుకుంటూ వెళతాడు. ఒకచోట బొట్లు ఆగిపోతాయి. అక్కడి నుంచి పైదాకా ఎక్కి చూడాలా? అతనికి ఒక నియమం చెప్పి పంపారు: వరుసగా 20 మెట్లు బొట్టు లేకుండా కనిపిస్తే వెనక్కి వచ్చెయ్. ఆ పై మెట్టు మీద బొట్టు తళతళలాడుతున్నా అతను చూడడు. అబద్ధం ఆడినట్టూ కాదు, చెప్పినంతే చేశాడు.

వాలెట్ చేసేది అచ్చంగా ఇదే. సీడ్ నుంచి మొదటి అడ్రస్ తయారుచేస్తుంది. లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి దాని సంఖ్య 0. దీనికి ఎప్పుడైనా లావాదేవీ జరిగిందా అని సర్వర్‌ను అడుగుతుంది. జరిగి ఉంటే రాసుకుంటుంది, జరగకపోతే ఖాళీల లెక్కకు ఒకటి కలుపుకుంటుంది. తర్వాత 1, తర్వాత 2. మధ్యలో వాడిన అడ్రస్ ఒక్కటి తగిలినా ఖాళీల లెక్క మళ్ళీ సున్నాకు వస్తుంది. అంటే 7వ సంఖ్య అడ్రస్ వాడి ఉంటే 27 దాకా చూస్తుంది. 27 కూడా వాడినదైతే 47 దాకా వెళుతుంది. వరుసగా ఇరవై ఖాళీలు వచ్చిన చోట పని అయిపోయిందనుకుని ఆగుతుంది. ఈ ఇరవైనే గ్యాప్ లిమిట్ అంటారు.

ఇంకొక సూక్ష్మం ఉంది. వాలెట్ వెతికేది బ్యాలెన్స్ కోసం కాదు, జాడ కోసం. కర్పూరం ఎప్పుడో ఆరిపోయి ఉండవచ్చు, బొట్టు మిగిలి ఉంటే చాలు. ఒక అడ్రసులోకి వచ్చిన డబ్బంతా మీరు ఖర్చుపెట్టేసి ఇప్పుడు అక్కడ సున్నా ఉన్నా, అది వాడిన అడ్రస్ కిందే లెక్క. బిప్-44 ఈ మాటను విడమరిచి చెబుతుంది. బ్యాలెన్స్ చూసి ఆగే వాలెట్ తప్పు చేస్తున్నట్టే.

ఇరవై అనే ఎందుకు పెట్టారు?

2014లో మారెక్ పాలాటినస్, పావోల్ రస్నాక్ రాసిన బిప్-44లో ఆ సంఖ్య ఉంది. ఇరవైలో మహిమ ఏమీ లేదు. ఎక్కడో ఒకచోట ఆగాలి, లేకపోతే 214 కోట్ల అడ్రసులు అడుగుతూ కూర్చోవాలి. మామూలు మనిషి వరుసగా ఇరవై అడ్రసులు ఎవరెవరికో ఇచ్చి ఒక్కదానిలోనూ డబ్బు అందుకోకుండా ఉండడన్న ఊహతో పెట్టిన హద్దు అది. ఆ హద్దు దాటి మీరు కొత్త అడ్రస్ తీస్తుంటే వాలెట్ హెచ్చరించాలని కూడా అందులోనే ఉంది. అన్ని వాలెట్లూ హెచ్చరిస్తాయా అంటే నవ్వి ఊరుకుంటాను.

బిట్‌కాయిన్ కోర్ అనే కంప్యూటర్ వాలెట్ ఈ ఇరవైని పట్టించుకోదు. మామూలు అమరికలో అది ముందుకు 1000 అడ్రసులు సిద్ధంగా ఉంచుకుని చూస్తుంది.

నేను మామూలు మనిషినే. నా వరుసలో ఇరవై ఖాళీలు ఎలా వస్తాయి?

చిత్తూరు నుంచి ఒకాయన బస్సులో వచ్చారు. విదేశాలవాళ్ళకు వెబ్‌సైటు డిజైన్లు అమ్ముకుంటారు. తన సైటులో బిట్‌కాయిన్‌తో చెల్లించే బొత్తాం పెట్టుకుని, దానికి తన వాలెట్ ఎక్స్‌పబ్ ఇచ్చారు. ఎక్స్‌పబ్ అంటే అడ్రసులు తయారుచేయగలిగి, ఖర్చుపెట్టలేని తాళం. దుకాణానికి అది ఇవ్వడం సరైన పద్ధతే. ఎవరైనా ఆ బొత్తాం నొక్కిన ప్రతిసారీ సైటు ఒక కొత్త అడ్రస్ చూపించేది. నొక్కినవాళ్ళలో చాలామంది ధర చూసి కిటికీ మూసేసి వెళ్ళిపోయారు. అడ్రస్ మాత్రం ఖర్చయిపోయింది. బేరం ఆడి కొనకుండా పోయిన ప్రతి మనిషికీ ఒక రసీదు చించి పారేసినట్టు.

ఒకరోజు ఆయన ఫోను నీళ్ళ తొట్టిలో పడింది. కొత్త ఫోనులో పదాలు కొడితే పాత జమలు కొన్ని కనిపించాయి, పెద్ద మొత్తాలు లేవు. పదాలు తప్పు అయితే అసలేమీ కనిపించకూడదు కదా, మరి సగం ఎలా వచ్చింది అన్నది ఆయన బాధ. దొంగతనం జరిగిందని నిర్ణయానికి వచ్చేశారు కూడా.

ఇద్దరం కూర్చుని చూశాం. ఆయనే కీబోర్డు మీద, నేను ఎదుటివైపు. వాడిన అడ్రసుల్లో చివరిగా కనిపించింది 18వ సంఖ్య. 19 నుంచి 38 దాకా ఇరవై ఖాళీలు, వాలెట్ అక్కడ ఆగింది. హద్దును 100కు పెంచి మళ్ళీ స్కాన్ చేయించాను. కాసేపటికి 47లో ఒకటి, 52లో ఒకటి, 61లో ఒకటి తేలాయి. 19 నుంచి 46 దాకా ఉన్న 28 అడ్రసులూ కొనకుండా పోయినవాళ్ళవే. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టీ తెప్పించమన్నారు, డబ్బులు మాత్రం తానే ఇచ్చారు.

సైటు లేకపోయినా ఖాళీలు రావచ్చు. అడ్రస్ బాగుందో లేదో అని 'కొత్త అడ్రస్' బొత్తాన్ని ఊరికే నొక్కుతూ ఉండేవాళ్ళను చూశాను. పిల్లల చేతికి ఫోను ఇచ్చినా చాలు.

గ్యాప్ లిమిట్ ఎక్కడ పెంచాలి? ఎంతకు పెంచాలి?

అన్ని ఫోను వాలెట్లలో ఈ వీలు ఉండదు. ఎలక్ట్రమ్, స్పారో లాంటి కంప్యూటర్ వాలెట్లలో ఉంది. స్పారోలో వాలెట్ అమరికల్లోనే ఉంటుంది. ఎలక్ట్రమ్‌లో కన్సోల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరిచి ఒక చిన్న ఆదేశం ఇవ్వాలి. మీ ఫోను వాలెట్లో ఆ వీలు లేకపోతే, అవే పదాలతో ఇలాంటి వాలెట్లో తెరిచి వెతకండి. దింపుకునేటప్పుడు అసలు సైటు నుంచే దింపుకోండి. గూగుల్ లాంటి సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనను నొక్కితే నకిలీ వాలెట్ చేతికి వచ్చే ప్రమాదం ఉంది.

సంఖ్య విషయానికొస్తే, వ్యక్తిగత వాడకానికి 100 చాలు. సైటు ద్వారా అమ్మేవాళ్ళు 1000తో మొదలుపెట్టాలి. ఒకేసారి లక్ష పెడితే సర్వర్ విసుక్కుని కనెక్షన్ తెంచేస్తుంది, మీరు మళ్ళీ భయపడతారు.

డబ్బు నిజంగా అక్కడే ఉందో, దొంగలు ఎత్తుకుపోయారో ముందు తెలిసేదెలా?

నిజానికి అన్నిటికన్నా ముందు చేయవలసింది ఇదే. పాత అడ్రస్ ఒక్కటైనా దొరుకుతుందేమో చూడండి. మీరు ఎక్స్ఛేంజీ (బిట్‌కాయిన్లు కొని అమ్మే సంస్థ) నుంచి పంపుకొని ఉంటే దాని ఉపసంహరణ చరిత్రలో ఉంటుంది. ఎవరికైనా ఈమెయిల్లో, వాట్సాప్‌లో పంపి ఉంటారు. దాన్ని ఏదైనా బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే బ్లాక్‌చెయిన్ లెక్కలు వెతికి చూపే సైటులో, పెట్టండి. డబ్బు కదలకుండా అక్కడే కనిపిస్తే ఊపిరి పీల్చుకోండి. మీది వెతుకులాట సమస్య, ఎంత ఆలస్యమైనా తీరుతుంది. డబ్బు బయటికి వెళ్ళిపోయి, అలా పంపినట్టు మీకు గుర్తులేకపోతే అది వేరే కథ. ఒకవేళ అది మీరే పంపినదైతే, మిగిలిన మొత్తం చిల్లర అడ్రసుకు చేరి ఉండవచ్చు.

చిల్లర అడ్రస్ ఏమిటి?

ఐదువందల నోటు ఇచ్చి ముప్పై రూపాయల ఇడ్లీలు తింటే మిగతాది చిల్లరగా వస్తుంది. బిట్‌కాయిన్‌లో కూడా ఒక జమను ముక్క కోయలేరు, మొత్తం ఇచ్చి చిల్లర వెనక్కి తీసుకోవాలి. ఆ చిల్లర మీకే చెందిన మరో అడ్రసుకు వస్తుంది. బిప్-44లో దానికి వేరే కొమ్మ ఉంది: జమలు తీసుకునే కొమ్మ సంఖ్య 0, చిల్లర కొమ్మ సంఖ్య 1. చిల్లర అడ్రసును మీరు ఎవరికీ ఇవ్వరు, వాలెట్ అవసరమైనప్పుడే వాడుకుంటుంది. కాబట్టి ఆ కొమ్మలో పెద్ద ఖాళీలు మామూలుగా రావు. అయినా వెతికేటప్పుడు రెండు కొమ్మలూ చూస్తున్నారో లేదో గమనించండి. జమల కొమ్మను మాత్రమే చూసి మొత్తం పోయిందనుకున్నవాళ్ళున్నారు.

పదాలు సరైనవి, హద్దు పెంచాను, అయినా ఒక్క జాడా లేదు. ఇప్పుడు?

కొండకు రెండు మెట్ల దారులున్నాయి. ఒకటి అలిపిరి నుంచి, రెండోది శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు. పూజ అలిపిరి దారిలో చేసి, కుర్రాడిని శ్రీవారి మెట్టుకు పంపితే, హద్దు ఇరవై అయినా రెండు వేలైనా ఒక్క బొట్టూ కనిపించదు. అక్కడ ఉన్నవే 2388 మెట్లు. నా దగ్గరికి వచ్చిన సున్నా బ్యాలెన్సుల్లో ఎక్కువ భాగం ఈ రకమే. హద్దు సమస్య అయితే మామూలుగా ఎంతో కొంత కనిపిస్తుంది. ఒక్క లావాదేవీ కూడా లేకుండా తెల్లగా ఉంటే ముందు దారినే అనుమానించండి.

వాలెట్ భాషలో ఈ దారిని డెరివేషన్ పాత్ అంటారు. అది చూడటానికి ఎం/84'/0'/0'/0/5 ఇలా ఉంటుంది. ఎం అంటే చెట్టు మొదలు. తర్వాతి సంఖ్య అడ్రస్ రకం. ఆ తర్వాతిది నాణెం రకం: బిట్‌కాయిన్‌కు 0, లైట్‌కాయిన్‌కు 2, ఎథీరియంకు 60. మూడోది ఖాతా. నాలుగోది కొమ్మ, అంటే జమా, చిల్లరా అన్నది. చివరిది అడ్రస్ వరుస సంఖ్య.

పాత అడ్రస్ మొదటి అక్షరాలు చూస్తే దారి దాదాపు తెలిసిపోతుంది. 1తో మొదలైతే 44. 3తో మొదలైతే 49, లేదా పలువురి సంతకాలతో నడిచే వాలెట్. 'బీసీ1క్యూ'తో మొదలైతే 84. 'బీసీ1పీ'తో మొదలైతే 86. అడ్రస్ గుర్తులేకపోతే సంవత్సరం గుర్తుచేసుకోండి. 84 దారికి మూలమైన సెగ్‌విట్ అనే మార్పు అమల్లోకి వచ్చింది 2017 ఆగస్టులో, 86కు మూలమైన ట్యాప్‌రూట్ 2021 నవంబరులో. 2016లో తెరిచి మళ్ళీ ముట్టని వాలెట్ కోసం 84, 86 దారుల్లో వెతకడం వృథా. బిప్-44 కన్నా ముందటి వాలెట్లు కొన్ని సొంత దారులు వేసుకున్నాయి. అలాంటప్పుడు పాత వాలెట్ పేరు గుర్తుచేసుకోవడమే మార్గం.

ఎలక్ట్రమ్‌లో బయటి పదాలు పెట్టేటప్పుడు, అవి బిప్-39 పదాలని ఎంపికల్లో చెప్పాలి. చెప్పాక 'ఉన్న ఖాతాలను కనిపెట్టు' అన్న అర్థంలో ఒక బొత్తాం వస్తుంది. తెలిసిన దారులన్నింటినీ అదే ఒకసారి తడిమి వస్తుంది. అటునుంచి ఇటు కూడా ఇదే చిక్కు. ఎలక్ట్రమ్ తనంతట తాను ఇచ్చే 12 పదాలు చూడటానికి ఇలాంటివే అయినా పద్ధతి వేరు, వేరే వాలెట్లో కొడితే చెల్లవనే అంటుంది. అలా అన్నంత మాత్రాన కాగితం చించేయకండి.

నేను వాలెట్లో రెండో ఖాతా ఒకటి తెరిచాను. అది రాలేదేమిటి?

వాలెట్ మొదటి ఖాతాలో జాడ ఉంటేనే రెండో ఖాతాను, రెండోదానిలో జాడ ఉంటేనే మూడోదాన్ని చూస్తుంది. మొదటి ఖాతాను ఖాళీగా వదిలి రెండోదానిలో దాచుకుంటే వెతుకులాట గడపలోనే ఆగిపోతుంది. చేత్తో 'ఖాతా చేర్చు' నొక్కండి, అదే పాత ఖాతా వస్తుంది.

పదాలు కాగితం మీద తెలుగు లిపిలో రాసుకున్నాం. ఫర్వాలేదా?

ఎముక విరిగితే మా ఊరివాళ్ళు కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు పరుగెత్తుతారు. పుత్తూరు నుంచి ఒక పెద్దాయన విరిగిన ఫోనుతో మా దగ్గరికి వచ్చారు. కొడుకు వేరే దేశం నుంచి ఫోనులో చదువుతుంటే ఈయన చక్కటి గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసుకున్నారు. ఇంటర్నెట్ తీసేసిన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేను పక్కకు జరిగాను. కాసేపటికి పిలుపు: "నాయనా, ఇక్కడ రైట్ అని ఉంది. కుడి అన్న రైటా, రాయడం అన్న రైటా?" (అసలు పదం ఇది కాదు, ఇక్కడ మార్చి రాశాను.)

బిప్-39కు తెలుగు జాబితా లేదు. ఇంగ్లీషు జాబితాలో ఆ రెండు రైట్లూ ఉన్నాయి. శాంతి అన్న పీసూ, ముక్క అన్న పీసూ రెండూ ఉన్నాయి. చెవికి ఒకటే, తెలుగు లిపిలో ఒకటే, వాలెట్‌కు మాత్రం వేర్వేరు. అదృష్టం ఏమిటంటే సరిచూసుకునే ఆ 4 బిట్లు ఇక్కడ ఆదుకుంటాయి. తప్పు పదంతో కొట్టిన పన్నెండు పదాల వరుస చెల్లుబాటయ్యే అవకాశం పదహారింట ఒకటి మాత్రమే. ఇలాంటి అనుమానం రెండు చోట్ల ఉంటే నాలుగు వరుసలు కొట్టి చూడాలి, తప్పువి మూడూ చాలావరకు గడప దాటవు. ఇకమీదట రాసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి. ప్రతి పదం మొదటి నాలుగు అక్షరాలు చాలు, జాబితాలో ఏ రెండు పదాలకూ అవి నాలుగూ కలవవు.

అదనపు పాస్‌ఫ్రేజ్ పెట్టుకున్నట్టు గుర్తు. అది లేకుండా తెరిస్తే?

పాస్‌ఫ్రేజ్ అంటే పదాలకు తోడుగా మీరే పెట్టుకున్న రహస్య మాట. అది లేకుంటే పూర్తిగా వేరే వాలెట్ తెరుచుకుంటుంది, ఖాళీగా. తప్పు పాస్‌ఫ్రేజ్ అని ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఏది కొట్టినా అది ఒక సరైన వాలెట్టే. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, చివర్లో పడిన ఖాళీ, అన్నీ లెక్కలోకి వస్తాయి. గుర్తున్న రూపాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టి చూడటమే.

స్కాన్ గంటల తరబడి నడుస్తోంది. ఆగిపోయిందా?

మీ వాలెట్ ఎవరిని అడుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎలక్ట్రమ్ తరహా సర్వర్ల దగ్గర అడ్రసుల సూచీ ముందే తయారుగా ఉంటుంది, వంద అడ్రసులకు నిమిషం కూడా పట్టకపోవచ్చు. మీ సొంత బిట్‌కాయిన్ కోర్ నోడ్‌కు (బ్లాక్‌చెయిన్ నకలు ఉంచుకునే కంప్యూటర్) అలాంటి సూచీ ఉండదు. అది మీ అడ్రసులను చేతిలో పట్టుకుని పాత బ్లాకులను, అంటే లావాదేవీల కట్టలను, ఒక్కొక్కటిగా తిరగేస్తుంది. మొదటి బ్లాకు 2009 జనవరి 3 నాటిది, మొత్తం పరిమాణం 600 జీబీ దాటింది. పాత హార్డ్‌డిస్కు అయితే రాత్రంతా పడుతుంది.

అందుకే వాలెట్ పుట్టిన తేదీ గుర్తుంటే మేలు. 2021 మార్చిలో తెరిచిన వాలెట్ కోసం అంతకు ముందు పన్నెండేళ్ళ బ్లాకులు తిరగేయడం దండగ. అయితే తేదీని నిజమైనదానికన్నా వెనక్కే వేయండి, ముందుకు వేస్తే మొదటి జమలు తప్పిపోతాయి. చోటు మిగుల్చుకోవడానికి పాత బ్లాకులను చెరిపేసే ప్రూన్డ్ నోడ్ నడుపుతున్నవాళ్ళు ఆ బ్లాకులు మళ్ళీ దింపుకోకుండా వెనక్కి స్కాన్ చేయలేరు.

అడ్రసులన్నీ సర్వర్‌ను అడిగితే అవన్నీ ఒకరివేనని దానికి తెలిసిపోదా?

తెలిసిపోతుంది. తాళంచెవులు దానికి వెళ్ళవు, డబ్బు భద్రమే. కానీ ఒకే కనెక్షన్ నుంచి ఒకేసారి వంద అడ్రసుల గురించి అడిగితే అవన్నీ ఒక్క మనిషివని ఊహించడం కష్టమా? రోజూ కొత్త అడ్రస్ ఇచ్చి కాపాడుకున్న గోప్యతను ఒక్క రికవరీతో ఆ సర్వర్ ముందు పరిచేసినట్టు. ఇది ఇష్టం లేకపోతే సొంత నోడ్ ఉండాలి. బిప్-157, 158 పద్ధతి వాడే వాలెట్లు మధ్యే మార్గం. అవి బ్లాకుల సారాంశాలు దింపుకుని, తమ అడ్రసులు ఉండవచ్చనిపించిన బ్లాకులనే తెప్పించుకుంటాయి. అడ్రసుల పేర్లు బయటికి చెప్పవు.

ఎథీరియంలో కూడా ఇంతేనా?

అక్కడ కథ తేలిక, చిక్కులు వేరు. మామూలుగా ఒకే అడ్రసును మళ్ళీ మళ్ళీ వాడతారు కాబట్టి ఖాళీల గొడవ తక్కువ. రెండో ఖాతా కనిపించకపోతే మళ్ళీ 'ఖాతా చేర్చు' నొక్కాలి. లెడ్జర్ లాంటి, తాళంచెవులు దాచే పరికరంతో తీసిన పదాలను వేరే వాలెట్లో పెడితే మొదటి అడ్రస్ సరిపోయి రెండోది తేడా రావచ్చు. వరుస సంఖ్యను దారిలో ఏ స్థానంలో పెంచాలన్నదానిలో వాళ్ళ పద్ధతులు కలవవు. టోకెన్ కనిపించకపోతే నెట్‌వర్క్ మార్చి చూడండి. పాలిగాన్‌లో ఉన్నదాన్ని ఎథీరియంలో వెతుకుతుంటారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రైవేట్ కీ, అంటే ఒక్క అడ్రసు తాళంచెవి, అతికించి దిగుమతి చేసుకున్న ఖాతాలు మీ పదాల చెట్టుకు కాసినవి కావు. పదాలు ఎన్నిసార్లు కొట్టినా అవి రావు, ఆ కీ విడిగా ఉండాలి.

మొనేరో?

ఇది మరో డిజిటల్ నాణెం. 25 పదాలు, వేరే లోకం. అక్కడ అడ్రస్ ఇచ్చి చరిత్ర అడగడం కుదరదు. వాలెట్ ప్రతి లావాదేవీనీ తన వ్యూ కీతో (చూడటానికి మాత్రమే పనికొచ్చే తాళంచెవి) తెరిచి, ఇది నాదేనా అని చూసుకోవాలి. అందుకే ఏ బ్లాకు నుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది. అక్కడ పెద్ద సంఖ్య వేసి సున్నా తెచ్చుకున్నవాళ్ళు చిన్న సంఖ్యతో మళ్ళీ మొదలుపెట్టండి.

నాది చాలా పాతది. పదాలే ఇవ్వలేదు, ఒక ఫైలు ఉంది.

బిట్‌కాయిన్ కోర్ ఫైలు అయి ఉంటుంది. 2016కు ముందు అందులో చెట్టు పద్ధతి లేదు, తాళంచెవులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ముందుగా వంద తయారుచేసి పెట్టుకునేది. అవి అయిపోయాక కొత్తవి తీస్తే పాత నకలులో అవి ఉండవు. ఎన్ని నకళ్ళు దొరికితే అన్నీ తెండి, ఆఖరుదే అసలుది. దాన్ని తెరిచే ముందు ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీయండి.

డబ్బు ఎక్స్ఛేంజీ ఖాతాలోనే ఉంచాను. నా పదాలు ఏవి?

మీకు పదాలు ఉండవు. తాళంచెవులు వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఈ పేజీ మీకు పనికిరాదు, వాళ్ళ సహాయ కేంద్రానికి రాసుకోవాలి.

ఎవరో టెలిగ్రామ్‌లో రికవరీ చేసిపెడతామంటున్నారు. ఇవ్వమంటారా?

పదాలు చెప్పిన క్షణంలో డబ్బు వాళ్ళదవుతుంది. మధ్యలో ఇంకే దశా లేదు. ఇంతవరకూ చెప్పిన వెతుకులాటలో మీ వాలెట్ ఇరవై అడ్రసుల్లో ఆగిపోతే, వాళ్ళ ప్రోగ్రాము లక్ష అడ్రసులు, అన్ని దారులు, అన్ని నాణేలు నిమిషాల్లో ఊడ్చేస్తుంది. అందుకే నేను కూడా కాగితం చూడను. నామీద నాకు నమ్మకం లేక కాదు, రేపు మీ డబ్బు మరెలాగో పోయినా మీకు గుర్తొచ్చేది నా ముఖమే. ఇప్పటికే ఇచ్చేసి మోసపోయి ఉంటే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి, ఆ రోజే. కాస్త మిగిలి ఉంటే కొత్త పదాలతో కొత్త వాలెట్ తెరిచి అక్కడికి పంపేయండి.

దొరికిన డబ్బు మీద పన్ను కట్టాలా?

వెతికి పట్టుకున్నందుకు, మీ పాత వాలెట్ నుంచి మీ కొత్త వాలెట్‌కు మార్చుకున్నందుకు అమ్మకం జరిగినట్టు కాదు. అమ్మినప్పుడు మాత్రం 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. మిగతా లెక్క మీ ఆడిటరుతో చూసుకోండి. కొన్నప్పటి ధర ఆధారం వెతికి పెట్టుకుంటే ఆయన పని సులువవుతుంది.

ఇంకోసారి ఇలా కాకుండా కాగితం మీద ఏం రాసుకోవాలి?

పదాలతో పాటు నాలుగు వివరాలు: వాలెట్ పేరు, దారి సంఖ్య, ఎన్ని ఖాతాలు, తెరిచిన నెల. పాస్‌ఫ్రేజ్ ఉంటే ఉందని మాత్రం రాసి, అది వేరే చోట పెట్టండి. సైటు నడిపేవాళ్ళు చివరిగా వాడిన అడ్రస్ సంఖ్యను అప్పుడప్పుడు దిద్దుకోవాలి. చిత్తూరు ఆయన వెళ్ళే ముందు మా బల్ల మీదే తన కాగితం వెనకవైపు రాసుకున్నారు: "84. ఖాతా ఒకటే. 2021 మార్చి. చివరిది 61." రాసి, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించుకుని వెళతానన్నారు. ఆ మెషీన్‌లో పెట్టే ముందు షాపువాడు కాగితాన్ని రెండువైపులా తిప్పి చూస్తాడు కదండీ అన్నాను. కాగితం మళ్ళీ నాలుగు మడతలై జేబులోకి వెళ్ళింది.